అడుగుకు తగ్గ ఊపిరి

2021 వేసవి మన ఇళ్లకు కొన్ని కొత్త వస్తువుల్నీ కొత్త భయాల్నీ అంటగట్టి పోయింది. వేలికి తొడిగే పల్స్ ఆక్సీమీటరు, గది మూలన గుర్రుమనే కాన్సన్‌ట్రేటరు, ఫోను ఎత్తగానే "లెవెల్ ఎంతుంది?" అన్న పలకరింపు అప్పటివే. అందుకే ఆక్సిజన్ అనగానే మనకు మంచం గుర్తొస్తుంది, దాని మీద కదలకుండా పడుకున్న మనిషి గుర్తొస్తాడు. అదే ఆక్సిజన్‌తో మనిషిని మంచం దింపి నడిపించే విద్య ఒకటుంది. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ, సైకిలు తొక్కిస్తూ, సన్నబడిన కాళ్లకు మళ్లీ కండ పట్టించే ఆ విద్యకు డెబ్బై ఏళ్లు నిండాయి. పైపైన చూస్తే అందులో అబ్బురపడాల్సింది ఏమీ కనిపించదు. ముక్కుకు ఒక ప్లాస్టిక్ గొట్టం, పక్కన ఒక పెట్టె, గడియారం చూస్తూ నిలబడ్డ ఫిజియోథెరపిస్టు, అంతే. ఒక్కో భాగం విప్పి చూస్తే తప్ప దాని పనితనం బయటపడదు.

పడుకున్న మనిషికి ఆక్సిజన్ ఇవ్వడం తేలిక. ఒకసారి మీట తిప్పి పెడితే గంటల తరబడి అదే సరిపోతుంది. నడిచే మనిషితో అలా కుదరదు. అడుగు వేసిన కొద్దీ ఊపిరి వేగమూ లోతూ మారుతుంటాయి. గుండె ఉరవడి పెరుగుతుంది, కండరాలు అడిగే వాటా పెరుగుతుంది. పడుకున్నప్పుడు వేసుకున్న లెక్క లేచి నిలబడేసరికి తప్పిపోతుంది. ఆ తప్పిన లెక్కలను ఒక్కొక్కటిగా పట్టుకుని, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరికి అసలు ఇవ్వనక్కర్లేదో తేల్చుకుంటూ వచ్చారు ఈ పనివాళ్లు. వాళ్ల గొప్పతనమంతా ఆ కొలతలోనే ఉంది.

కాళ్ల దగ్గర మొదలు

దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బుల్లో ఎక్కువమందిని పట్టి పీడించేది సీవోపీడీ. ఊపిరి గొట్టాలు ఇరుకవుతాయి, గాలి గదుల గోడలు దెబ్బతిని సాగిపోతాయి, పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు. 1990లో మన దేశంలో 2.81 కోట్ల మందికి ఉన్న ఈ జబ్బు 2016 నాటికి 5.53 కోట్ల మందికి చేరిందని ఒక అంచనా. చుట్ట, బీడీ, సిగరెట్టు ఒక కారణం. జన్మలో చుట్ట ముట్టని ఆడవాళ్లకు కూడా ఇది రావడానికి కట్టెల పొయ్యి పొగ మరో కారణం. ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడే ఐఎల్‌డీ జబ్బులు వేరు. క్షయ నయమయ్యాక మిగిలిపోయే దెబ్బ వేరు.

జబ్బులు వేరైనా వీళ్లందరి బతుకూ ఒకే సుడిలో చిక్కుకుంటుంది. నడిస్తే ఆయాసం వస్తుంది కాబట్టి నడక తగ్గిస్తారు. నడక తగ్గితే తొడ కండరాలు కరిగిపోతాయి. కరిగిన కండరం కాస్త పనికే లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లాన్ని రక్తం సర్దుకునేటప్పుడు కార్బన్ డయాక్సైడు అదనంగా పుడుతుంది, దాన్ని బయటికి తోలడానికి ఊపిరి ఇంకా గట్టిగా తీయాలి. అంటే జబ్బు ఊపిరితిత్తులదైనా, దాన్ని ఎగదోసేవాటిలో కాళ్లు కూడా ఉన్నాయి. పల్మనరీ రిహాబిలిటేషన్ అనే ఊపిరితిత్తుల పునరావాస సాధన పట్టుకునేది ఈ కొసనే. వారానికి రెండు మూడు సార్లు చొప్పున ఎనిమిది వారాలో ఇంకా ఎక్కువో నడిపిస్తారు, తొక్కిస్తారు, బరువులు ఎత్తిస్తారు. ఊదుడు పరీక్షలో వచ్చే అంకె దాదాపు మారదు. బజారుకు వెళ్లి రాగలిగే శక్తి మారుతుంది, ఎందుకంటే అంతే పనికి కాళ్లు ఇప్పుడు తక్కువ ఊపిరి అడుగుతాయి.

చాలామందికి ఈ సాధనకు ఆక్సిజన్ అవసరమే రాదు. కొందరికి మాత్రం కూర్చున్నప్పుడు నిక్షేపంగా ఉన్న ఆక్సిజన్ శాతం నాలుగు అడుగులు వేయగానే జారిపోతుంది. విశ్రాంతిలో ఒక ఎర్ర రక్తకణం ఊపిరితిత్తి కేశనాళికలో సుమారు 0.75 సెకను ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది ఆక్సిజన్ నింపుకోవడానికి 0.25 సెకను చాలు, మిగతాదంతా వెసులుబాటు. గట్టి వ్యాయామంలో రక్తం పరుగెత్తి, ఆ కణం అక్కడ ఉండే సమయమే 0.25 సెకనుకు పడిపోతుంది. పొర మందమెక్కిన ఐఎల్‌డీ రోగికి విశ్రాంతిలో ఆదుకున్న వెసులుబాటు నడకలో చేతికందదు. అందుకే అలాంటివాళ్లను కూర్చోబెట్టి కొలిచి "బాగానే ఉంది" అంటే సగం నిజమే చెప్పినట్టు.

ఈ కొలతలో 90 శాతం అన్న గీతకు ఎందుకంత విలువంటే, రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి పాదరస కొలతలో సుమారు 60 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నప్పుడు హిమోగ్లోబిన్ 90 శాతం దాకా నిండి ఉంటుంది. అంతకు పైన ఒత్తిడి కాస్త అటూ ఇటూ అయినా శాతం పెద్దగా మారదు. అంతకు కిందికి దిగితే ఒత్తిడిలో కొద్దిపాటి తగ్గుదలకే శాతం గబగబా పడిపోతుంది. మెడలో కెరోటిడ్ ధమని పక్కన ఉండే చిన్న గ్రాహకాలు ఆ తగ్గుదలను పసిగట్టి మెదడుకు చెబుతాయి, మెదడు ఊపిరిని తొందరపెడుతుంది. సీవోపీడీ మనిషికి ఈ తొందరే ముప్పు. ఊపిరి వేగం పెరిగితే గాలి వదిలే వ్యవధి తగ్గుతుంది. పాత గాలి పూర్తిగా బయటికి పోకముందే కొత్తది వచ్చి పడుతుంది, ఛాతీ ఉబ్బిపోయి ఇంకో ఊపిరి పట్టడానికి చోటు లేకుండా పోతుంది. ఆక్సిజన్ ఇస్తే ఈ తొందర తగ్గుతుంది. ఊపిరి నెమ్మదిస్తుంది, వదిలే వ్యవధి పెరుగుతుంది, ఛాతీలో చోటు మిగులుతుంది. ఆక్సిజన్ రక్తానికి సరుకు అందించడంతోపాటు ఊపిరి నడకను కూడా దిద్దుతుందన్నమాట.

మంచం దించిన వాళ్లు

గత శతాబ్దం నడిమి వరకూ ఇలాంటి రోగికి డాక్టర్లు మొదట రాసేది విశ్రాంతే. న్యూయార్క్‌లో ఆల్వన్ బరాక్ అందుకు ఎదురు నడిచారు. ఆక్సిజన్ టెంటును పనికొచ్చే సాధనంగా తీర్చిదిద్దినవాళ్లలో ఆయన ఒకరు. 1952లో సహచరులతో కలిసి రాసిన వ్యాసంలో ఆయన ఒక చిన్న గమనిక చేర్చారు. గాలి గదుల గోడలు దెబ్బతినే ఎంఫసీమా ఉన్న ఇద్దరు రోగులు ఆక్సిజన్ పీలుస్తూ వ్యాయామం చేస్తే, ఆయాసం లేకుండా పని చేసే శక్తి వాళ్లకు పెరిగిందని దాని సారాంశం. ఇద్దరంటే ఇద్దరే. దాని మీద సిద్ధాంతం కట్టడానికి ఎవరూ ఒప్పుకోరు, కానీ తలుపు ఎటు తెరుచుకుంటుందో అది చూపించింది.

నాలుగేళ్ల తర్వాత, 1956లో, వేల్స్‌లోని కార్డిఫ్ దగ్గర జాన్ కాట్స్, జాన్ గిల్సన్ ఆ తలుపు తోశారు. వాళ్లు పని చేసింది బొగ్గు గనుల దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల పరిశోధన కేంద్రంలో. సింగరేణి ఊళ్లలో ఆ దుమ్ము సంగతి వివరించి చెప్పనక్కర్లేదు. ఆక్సిజన్ పీలుస్తూ రోగులు ఎంత ఎక్కువ పని చేయగలరో కొలిచి, మోసుకెళ్లగలిగే పరికరంతో కూడా పరీక్షించి, ఆ ఫలితాలను వాళ్లు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. "మోసుకెళ్లగలిగే" అన్న దాంట్లోనే ఈ విద్యకు పెద్ద చిక్కు ఎదురైంది. ఆక్సిజన్ వల్ల కలిగిన లాభంలో కొంత ఆ ఇనుప సిలిండరు బరువు మోయడానికే ఖర్చయిపోతుంది. తేలిక చేస్తే త్వరగా అయిపోతుంది, ఎక్కువ నింపితే మనిషి మోయలేడు.

ఆ చిక్కుకు అమెరికాలోని డెన్వర్‌లో ఒక దారి దొరికింది. సముద్ర మట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నగరంలో గాలే పలచన, ఊపిరి జబ్బు ఉన్నవాళ్ల బాధ ఇంకాస్త ముందే బయటపడుతుంది. 1960లలో థామస్ పెట్టీ, ఆయన సహచరులు అక్కడ ద్రవ ఆక్సిజన్‌ను భుజానికి తగిలించే పరికరంతో రోగులను నడిపించారు. మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా మారే ఆక్సిజన్ ఒక లీటరు ఉంటే, అది ఆవిరై దాదాపు 860 లీటర్ల వాయువు అవుతుంది. ఇంట్లో పెద్ద పాత్ర, భుజాన చిన్న పాత్ర, ఖాళీ అయినప్పుడల్లా దాంట్లోంచి దీంట్లోకి నింపుకోవడం. పెట్టీ అక్కడితో ఆగలేదు. మందులు, ఊపిరి తీసే పద్ధతులు, వ్యాయామం, ఇంటివాళ్లకు శిక్షణ అన్నీ కలిపి ఒక పూర్తి కార్యక్రమంగా కూర్చి 1969లో ప్రచురించారు. ఇవాళ ప్రపంచమంతటా నడుస్తున్న పల్మనరీ రిహాబిలిటేషన్ రూపురేఖలు అందులో చాలావరకు ఉన్నాయి.

గాలిలోంచి తీసే యంత్రం

ద్రవ ఆక్సిజన్‌కు కర్మాగారమూ సరఫరా లారీలూ కావాలి. గదిలో ఉన్న గాలి నుంచే ఆక్సిజన్ తీసుకుంటే ఆ బాధ లేదు. గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్, ఒక శాతానికి కాస్త తక్కువ ఆర్గాన్ ఉంటాయి. కాన్సన్‌ట్రేటరు ఆక్సిజన్‌ను పట్టుకోదు, నైట్రోజన్‌ను పట్టుకుంటుంది. లోపల రెండు గొట్టాల నిండా జియోలైట్ గుళికలు ఉంటాయి. ఆ ఖనిజంలోని సూక్ష్మ రంధ్రాల్లో ధనావేశపు అయాన్లు కూర్చుని ఉంటాయి. నైట్రోజన్ అణువులో విద్యుదావేశం పరుచుకున్న తీరు వల్ల అది ఆ అయాన్లకు ఆక్సిజన్ కన్నా గట్టిగా అంటుకుంటుంది. ఒక గొట్టంలోకి గాలిని ఒత్తిడితో పంపితే నైట్రోజన్ అక్కడే ఆగిపోతుంది, ఆక్సిజన్ ముందుకు సాగుతుంది. గుళికలు నిండిపోయేలోపు కవాటం తిరిగి గాలి రెండో గొట్టంలోకి మళ్లుతుంది. మొదటి గొట్టంలో ఒత్తిడి తగ్గగానే అది పట్టుకున్న నైట్రోజన్‌ను విడిచిపెట్టి మళ్లీ సిద్ధమవుతుంది. కొన్ని సెకన్లకొకసారి వినిపించే ఆ "ఫుస్స్" మన ఇళ్లల్లో చాలామందికి 2021లో పరిచయమైందే. ఒకదాని తర్వాత ఒకటిగా ఒత్తిడి ఎక్కించి దించే ఈ పద్ధతికి మూలం చార్లెస్ స్కార్‌స్ట్రమ్ అమెరికాలో 1960లో పొందిన పేటెంటు.

ఈ యంత్రం ఇచ్చే ఆక్సిజన్ నూరు పాళ్లు శుద్ధం కాదు, 90 నుంచి 96 శాతం మధ్య ఉంటుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం ఆర్గాన్. జియోలైట్ దృష్టిలో ఆర్గాన్‌కూ ఆక్సిజన్‌కూ పెద్ద తేడా లేదు కాబట్టి రెండూ కలిసే బయటికొస్తాయి. రోగికి దాంతో నష్టమేమీ లేదు. జియోలైట్‌కు అసలు శత్రువు తేమ. నీటి ఆవిరిని అది నైట్రోజన్ కన్నా ఆబగా పట్టుకుంటుంది, అంత తేలిగ్గా వదలదు. మన కోస్తా ఊళ్ల ఉక్కలో పనిచేసే యంత్రాల ఫిల్టర్ల సంగతి, బయటికొచ్చే ఆక్సిజన్ శాతం సంగతి అప్పుడప్పుడూ చూడాల్సింది అందుకే. కరెంటు పోతే ఎలా అన్నదానికి కూడా ముందే సమాధానం ఉండాలి. 1,500 లీటర్లు పట్టే బీ టైపు సిలిండరు పక్కన ఉంటే, నిమిషానికి 5 లీటర్ల చొప్పున లెక్కకు 5 గంటలు వస్తుంది. సాధన గదిలో ఒక పూట గడవడానికి అది చాలు.

ముక్కు దగ్గర తప్పే లెక్క

గొట్టం చివర రెండు చిన్న కొమ్ములు ముక్కుపుటాల్లో కూర్చుంటాయి. వాటిని నాజల్ కాన్యులా అంటారు. నిమిషానికి ఒక్కో లీటరు పెంచితే పీల్చే గాలిలో ఆక్సిజన్ సుమారు నాలుగు శాతం పెరుగుతుందని వైద్య విద్యార్థులు కంఠతా పడతారు. 2 లీటర్లకు దాదాపు 28 శాతం, 4 లీటర్లకు 36. ఈ లెక్క నెమ్మదిగా ఊపిరి తీసే మనిషికి వేసింది.

నిమిషానికి 2 లీటర్లంటే సెకనుకు సుమారు 33 మిల్లీలీటర్లు. విశ్రాంతిలో మనిషి సెకనుకు దాదాపు అర లీటరు వేగంతో గాలి పీలుస్తాడు. గొట్టంలోంచి వచ్చే 33 మిల్లీలీటర్లు అందులో కలుస్తాయి. ట్రెడ్‌మిల్ మీద అదే మనిషి సెకనుకు లీటరో అంతకు మించో పీలుస్తాడు. గొట్టంలోంచి వచ్చేది మాత్రం పెరగదు. గరిటెడు పాలు అంతే ఉండి నీళ్లు రెట్టింపు పోసినట్టు, ఆక్సిజన్ పలచబడిపోతుంది. దీనికి తోడు ఇంకో నష్టం ఉంది. నెమ్మదిగా ఊపిరి తీసేటప్పుడు ఒక శ్వాసకూ ఇంకో శ్వాసకూ మధ్య చిన్న విరామం ఉంటుంది. ఆ విరామంలో ముక్కు వెనక ఉన్న ఖాళీలో ఆక్సిజన్ పోగై తర్వాతి శ్వాసతో లోపలికి పోతుంది. రొప్పే మనిషికి ఆ విరామమే దక్కదు. కండరాలు ఎక్కువ అడిగే వేళకు గొట్టం తక్కువ ఇస్తుంది. కూర్చోబెట్టి నిర్ణయించిన 2 లీటర్లు నడకకు చాలకపోవడానికి కారణం ఇదే, రోగి మొండితనమో భయమో కాదు.

చేతిలో పట్టుకెళ్లే చిన్న యంత్రాలు ఈ చిక్కును ఇంకో వైపు నుంచి ఎదుర్కొన్నాయి. ఊపిరి వదిలేటప్పుడు గొట్టంలోంచి వచ్చే ఆక్సిజన్ గాలిపాలే. పీల్చినదాంట్లో కూడా చివరి భాగం గాలి గదుల దాకా పోదు. శ్వాస మార్గంలో ఉండే సుమారు 150 మిల్లీలీటర్ల ఖాళీలోనే నిలిచి, రక్తాన్ని తాకకుండా వెనక్కి వచ్చేస్తుంది. కాబట్టి శ్వాస మొదలయ్యే క్షణాన్నే పట్టుకుని అప్పుడొక్కసారి ఆక్సిజన్ విడుదల చేస్తే మిగతాదంతా ఆదా. ముక్కు దగ్గర ఒత్తిడిలో వచ్చే అతి చిన్న తగ్గుదలను పసిగట్టి, కన్ను మూసి తెరిచేలోపు ఒక మోతాదు వదిలే కవాటం వీటిలో ఉంటుంది. పల్స్ పద్ధతి అనే ఈ ఏర్పాటు వల్లే ఇంట్లో సుమారు 15 కిలోలు తూగే యంత్రం పని భుజాన వేలాడే రెండు మూడు కిలోల పెట్టెకు చేతనైంది.

అంత నేర్పుగా చేసిన యంత్రానికీ హద్దులున్నాయి. అది నిమిషానికి తయారు చేయగల ఆక్సిజన్ ఇంతే అని ఉంటుంది. ఊపిరి వేగం పెరిగితే ఉన్నదాన్నే ఎక్కువ శ్వాసలకు పంచాలి, అప్పుడు కొన్ని నమూనాల్లో ఒక్కో మోతాదు చిన్నదైపోతుంది. నోటితో రొప్పుతున్న మనిషి ముక్కు దగ్గర ఒత్తిడి చాలినంత తగ్గకపోతే కవాటం ఆ శ్వాసను గుర్తించకపోవచ్చు. దాని మీద ఉన్న "2" అన్న అంకె నిమిషానికి 2 లీటర్లని కూడా అర్థం కాదు. ఒక కంపెనీ "2"కూ ఇంకో కంపెనీ "2"కూ పొంతన ఉండదు. అందుకే తెలిసిన ఫిజియోథెరపిస్టు ఆసుపత్రి సిలిండరు మీద నడిపించి, ఇంటికి వేరే యంత్రం రాసి పంపడు. రోగి రేపటి నుంచి ఏ యంత్రంతో నడవాలో దాన్నే తగిలించి నడిపించి కొలుస్తాడు.

చేతి పని

ఈ యంత్రాలన్నీ కలిసినా మనిషి చేతికి బదులు కావు. ఆ చేతి పని ఆరు నిమిషాల నడక పరీక్షతో మొదలవుతుంది. 30 మీటర్ల చదునైన వరండా, రెండు చివర్లా రెండు గుర్తులు, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలిగితే అంత. 2002లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ ఈ పరీక్షకు రాసిన నియమాలు చదివితే ముచ్చటేస్తుంది. నిమిషానికొకసారి రోగితో ఏ మాట అనాలో, ఏ స్వరంతో అనాలో కూడా అందులో ఉంది. ఎక్కువ ఉత్సాహపరిస్తే మనిషి ఎక్కువ నడుస్తాడు, అప్పుడు మార్పు సాధన వల్ల వచ్చిందో అరుపుల వల్ల వచ్చిందో తేల్చలేం. పరీక్షలో ఆక్సిజన్ వాడితే ఎన్ని లీటర్లో, సిలిండరును రోగి మోశాడా, తోసుకెళ్లాడా, వేరొకరు పట్టుకున్నారా అన్నది కూడా రాయాలి. సిలిండరు బరువు నడకలో ఎంత తినేస్తుందో తెలిసినవాళ్లు రాసిన నియమం అది.

నడుస్తున్నప్పుడు ఫిజియోథెరపిస్టు రెండు అంకెల మీద కన్నేసి ఉంచుతాడు. ఒకటి రోగి నోటి నుంచి వచ్చేది. ఆయాసం ఎంతుందో సున్నా నుంచి పది వరకూ చెప్పమనే ఈ కొలబద్ద స్వీడన్‌కు చెందిన గున్నార్ బోర్గ్ పేరు మీద ఉంది. సాధనలో సాధారణంగా మూడు, నాలుగు దగ్గర నిలబెడతారు. కష్టం తెలియాలి, మాట ఆగిపోకూడదు. రెండోది ఆక్సీమీటరు చెప్పేది. జపాన్‌లో తకువో అయోయాగి 1970లలో కనిపెట్టిన సూత్రం మీద అది నడుస్తుంది. ఎర్ర కాంతినీ కంటికి కనిపించని పరారుణ కాంతినీ వేలిలోంచి పంపి, నాడితో పాటు కొట్టుకునే భాగాన్ని విడదీసి, రెండింటి నిష్పత్తిలోంచి శాతం లెక్కగడుతుంది. వేలు ఊగినా, చల్లబడినా అది తడబడుతుంది. నిజంగా పడిన శాతాన్ని కొన్ని సెకన్లు ఆలస్యంగా చూపిస్తుంది కాబట్టి, నడక ఆపాక కూడా కాసేపు వేలు తీయనివ్వరు.

ఈ పరికరంలో మనం తప్పక తెలుసుకోవాల్సిన లోపం ఒకటుంది. 2020లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, ఆక్సీమీటరు 92 నుంచి 96 వరకూ చూపిస్తున్నప్పుడు రక్త పరీక్షలో అసలు శాతం 88 కన్నా తక్కువ తేలినవాళ్లు తెల్లవారిలో 3.6 శాతం ఉంటే నల్లజాతివారిలో 11.7 శాతం ఉన్నారు. చర్మం రంగు ముదిరిన కొద్దీ పరికరం ఉన్నదానికన్నా మెరుగ్గా చూపించే అవకాశం పెరుగుతుందని దాని సారం. మనలో నలుపూ చామనఛాయే ఎక్కువ. 90 దగ్గర ఊగిసలాడే అంకెను చూసి నిశ్చింతగా ఉండకుండా మనిషి ముఖాన్నీ మాటనూ కూడా చూసే ఫిజియోథెరపిస్టు విలువ ఇక్కడ తెలుస్తుంది.

శాతం 88కో 90కో దిగువకు జారితే ఆక్సిజన్ ఒక్కో లీటరు చొప్పున పెంచుతూ మళ్లీ నడిపిస్తారు. పెంచడం ఒక్కటే దారి కాదు. వేగం తగ్గించవచ్చు. అర నిమిషం తొక్కించి అర నిమిషం ఆపి, మళ్లీ తొక్కించవచ్చు. అలా చేస్తే కాళ్లకు పని పూర్తిగా అందుతుంది, ఊపిరికి తేరుకునే సమయమూ దొరుకుతుంది. చక్రాల వాకర్ మీద వాలి నడిపిస్తే చేతులకు ఆనిక దొరుకుతుంది, సిలిండరు బరువూ దాని బుట్టలోకి పోతుంది. పెదవులు సన్నగా బిగించి నెమ్మదిగా గాలి వదలడం నేర్పితే ఛాతీ ఉబ్బడం తగ్గుతుంది. చేతులు పైకెత్తే పనులకు విడిగా సాధన ఉంటుంది. చెంబుతో తల మీద నీళ్లు పోసుకోవడం, జడ వేసుకోవడం, పై అరలోంచి డబ్బా దించడం లాంటివి ఈ జబ్బున్నవాళ్లకు నడక కన్నా ఎక్కువ ఆయాసం తెస్తాయి, ఎందుకంటే భుజం చుట్టూ ఉన్న కండరాల్లో కొన్ని ఊపిరికి కూడా సాయం చేసేవే. కార్బన్ డయాక్సైడు పోగయ్యే స్వభావం ఉన్నవాళ్లకు సాధన అయిపోగానే ఆక్సిజన్‌ను మళ్లీ విశ్రాంతి మోతాదుకు దించడం మరవకూడదు. ఇన్నిటిలో ఏది ఎప్పుడు వాడాలో తేల్చేది ఆ పక్కన నిలబడ్డ మనిషే.

గాలితో పోటీ

ఇంత కష్టపడి నేర్చిన విద్యను నిజంగా అవసరమా అని తామే నిలదీసుకోవడం ఈ పనివాళ్ల పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం.

2003లో కాలిఫోర్నియాలో రిచర్డ్ కాసబురి బృందం 29 మంది సీవోపీడీ రోగులను తీసుకుంది. వీళ్లు నడకలో కూడా ఆక్సిజన్ బాగా పడిపోనివాళ్లు. వారానికి మూడుసార్లు, ఏడు వారాలు గట్టిగా సైకిలు తొక్కించారు. కొందరికి నిమిషానికి 3 లీటర్ల ఆక్సిజన్, కొందరికి అంతే వేగంతో మామూలు గాలి. ఎవరికి ఏది వెళుతోందో రోగికీ తెలియదు, తొక్కించేవాళ్లకూ తెలియదు. ఆక్సిజన్ అందినవాళ్లు త్వరత్వరగా ఎక్కువ బరువుకు ఎదిగారు, చివర్లో ఎక్కువసేపు తొక్కగలిగారు. ఆక్సిజన్ ఊపిరిని నెమ్మదింపజేసి, కాళ్లకు ఇంకా గట్టి సాధన చేసే వీలు కల్పిస్తుందన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది. అంతకు ముందూ తర్వాతా వచ్చిన మరికొన్ని చిన్న పరిశీలనలు మాత్రం లాభం కనిపించలేదన్నాయి.

తగవు తీర్చడానికి ఆస్ట్రేలియాలో జెనిఫర్ ఆలిసన్ నాయకత్వంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది, ఫలితాలు 2019లో వచ్చాయి. ఈసారి ఎంచుకున్నది నడకలో ఆక్సిజన్ పడిపోయే సీవోపీడీ రోగులనే, 111 మందిని. ఎనిమిది వారాలు, వారానికి మూడుసార్లు, ట్రెడ్‌మిల్, సైకిలు. సగం మందికి నిమిషానికి 5 లీటర్ల ఆక్సిజన్, సగం మందికి 5 లీటర్ల గాలి. గాలినీ అదే వేగంతో, అదే ముక్కు గొట్టంలోంచి ఇవ్వడంలో నేర్పుంది. ముఖానికీ ముక్కుకూ చల్లగాలి తగిలితేనే ఆయాసం కొంత ఉపశమించినట్టు అనిపిస్తుంది. ఒక వైపు గొట్టం పెట్టి ఇంకో వైపు పెట్టకపోతే, లాభం ఆక్సిజన్‌దో గాలి తాకిడిదో చెప్పలేం. ఫిజియోథెరపిస్టులకు కూడా తెలియనివ్వకపోవడంలో ఇంకో నేర్పుంది. "వీళ్లకు ఆక్సిజన్ ఉందిగా" అనుకున్న క్షణాన చేతికి ధైర్యమొచ్చి, తెలియకుండానే ఎక్కువ తొక్కించేస్తారు.

ఫలితం చాలామంది ఊహించనిది. రెండు జట్లూ బాగుపడ్డాయి. నడిచే సత్తువలోనూ జీవన నాణ్యతలోనూ రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. బాగుపరిచింది సాధన. ఆక్సిజన్ దానికి అదనంగా ఏమీ చేర్చలేదు.

దీన్ని ఆక్సిజన్ ఓడిపోయిన కథగా చదివితే పొరపాటే. రెండు ప్రయోగాల్లో రోగులు వేరు, సాధన తీవ్రత వేరు. ఇంట్లో రోజంతా ఆక్సిజన్ మీద ఉండాల్సినవాళ్ల సంగతి ఆస్ట్రేలియా ప్రయోగం తేల్చలేదు. వాళ్లు సాధనలోనూ దాన్ని వాడుకోవాల్సిందే. ఐఎల్‌డీ దారి కూడా వేరు. 2018లో బ్రిటన్‌లో 84 మంది మీద జరిగిన ఆంబాక్స్ ప్రయోగంలో, నడకలో ఆక్సిజన్ పడిపోయే ఐఎల్‌డీ రోగులకు రోజువారీ తిరుగుళ్లలో ఆక్సిజన్ ఇచ్చిన రెండు వారాల్లో వాళ్ల జీవన నాణ్యత మెరుగుపడింది. మందం కట్టిన పొర దగ్గర రక్తకణానికి చాలని ఆ పావు సెకను గుర్తుంటే, ఈ తేడాలో వింతేమీ లేదు.

మన జిల్లా ఆసుపత్రులకు ఇందులో పనికొచ్చే మాట ఉంది. ఆక్సిజన్ యంత్రం లేదన్న సాకుతో సీవోపీడీ రోగుల సాధన ఆపేయనక్కర్లేదు. వరండా, గడియారం, ఆక్సీమీటరు, ఆగమనాల్సినప్పుడు ఆగమని చెప్పగల మనిషి ఉంటే చాలామందితో పని మొదలవుతుంది. ఖరీదైన పెట్టె కొనుక్కుని, దాన్ని తగిలించుకుని మంచం మీదే కూర్చుంటే కాళ్లకు ఏమీ ఒరగదు. నిజంగా అవసరమైనవాళ్లకు మాత్రం అది కొలిచి ఇవ్వాల్సిన మందు. ఇంట్లో ఎవరికైనా నడక కోసం ఆక్సిజన్ రాస్తే డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగండి. కూర్చోబెట్టి కొలిచారా, నడిపించి కొలిచారా? మేం ఇంట్లో వాడబోయే యంత్రంతోనే కొలిచారా? దాంతోపాటు కాళ్లకు సాధన ఎక్కడ, ఎవరి దగ్గర చేయిస్తారు?